లాభం పెరిగింది, బ్యాంకులోకి డబ్బు రాలేదు: కంపెనీ లెక్క ఎలా చదవాలి?

తెనాలి_షేర్లు
అందరికీ నమస్కారం. రోడ్లు, కాలువల పనులు చేసే ఒక లిస్టెడ్ కంపెనీ షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. కొనమనో అమ్మమనో సలహా అడగడానికి రాలేదు కాబట్టి పేరు చెప్పడం లేదు. నాకు లెక్క అర్థం కావాలి, అంతే. ఈసారి యాన్యువల్ రిపోర్ట్ మొదటి పేజీ నుంచి చదివాను. నికర లాభం కిందటేడు కంటే బాగా పెరిగింది. ఛైర్మన్ లేఖ నిండా అదే మాట. తీరా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చూస్తే వ్యాపారం నుంచి వచ్చిన నగదు మైనస్‌లో ఉంది, బ్యాంకు అప్పు పెరిగింది. ఇంకో చిక్కు ఏమిటంటే నికర లాభం కింద "ఇతర సమగ్ర ఆదాయం" అని ఒక లైను, దాని కింద "మొత్తం సమగ్ర ఆదాయం" అని మరో లైను ఉన్నాయి.

నా ప్రశ్నలు రెండు. డబ్బు రాకుండా లాభం వచ్చిందని ఎలా రాస్తారు? చివర్లో కనబడే ఆ రెండు అంకెల్లో కంపెనీ సంపాదన ఏది? మావారు "ఆడిటర్ సంతకం పెట్టాడు కదా, ఇంకేం కావాలి" అంటున్నారు. నాకు మాత్రం అక్కడితో వదిలేయాలని లేదు.

లాంగ్‌టర్మ్_వైజాగ్
మేడమ్, నేనైతే లాభం లైను చూడటం ఎప్పుడో మానేశాను. వ్యాపారం నుంచి నగదు వచ్చిందా లేదా, అదొక్కటే చూస్తాను. నగదు మైనస్‌లో ఉండి లాభం ప్లస్‌లో ఉంటే ఆ కంపెనీ జోలికి పోను. మిగతాదంతా అకౌంటెంట్లు రాసుకునేది.

సీఏ_కూకట్‌పల్లి
వైజాగ్ గారూ, ఆ సూత్రం చాలాసార్లు పనిచేస్తుంది. కానీ కాంట్రాక్టు కంపెనీలో అలా కొట్టిపారేస్తే మంచి కంపెనీ కూడా చెడ్డదిగా కనబడుతుంది. తెనాలి మేడమ్ మొదటి ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం, అసలు విషయమంతా అక్కడే ఉంది.

మూడేళ్లు పట్టే కాలువ పని అనుకోండి. మూడేళ్లూ పని చేసి, లాభమంతా ఆఖరి ఏడాదిలో చూపిస్తే మొదటి రెండేళ్లూ కంపెనీ ఏమీ చేయనట్టు ఉంటుంది. అది తప్పుడు చిత్రమే. అందుకని పని ఎంతవరకు అయిందో అంతవరకు ఆదాయం చూపించమని రూలు. 2018 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర, ఆదాయం ఎలా రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్-ఏఎస్ 115 అమల్లో ఉంది, దాని ప్రకారమే రాస్తారు. కాలువ తవ్వుతున్నది ప్రభుత్వ భూమిలో. తవ్విన ప్రతి మీటరూ అప్పటికప్పుడే ప్రభుత్వం అధీనంలోకి వెళ్తుంది. కాబట్టి పని జరుగుతున్న కొద్దీ ఆదాయం వచ్చినట్టే లెక్క.

"పని ఎంతవరకు అయింది" అని కొలవడానికి ఎక్కువ కంపెనీలు ఖర్చునే కొలబద్దగా వాడతాయి. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును మొత్తం అంచనా ఖర్చుతో భాగించాలి. ఉదాహరణకి కాంట్రాక్టు 100 కోట్లు, మొత్తం ఖర్చు 80 కోట్లు అవుతుందని అంచనా, ఇప్పటికి పెట్టింది 40 కోట్లు. పని సగం అయినట్టు. ఆదాయం 50 కోట్లు, లాభం 10 కోట్లు.

ఇప్పుడు అదే పని, అదే 40 కోట్ల ఖర్చు. మొత్తం ఖర్చు 80 కాదు, 90 అవుతుందని అంచనా వేశారనుకోండి. పని 44.44 శాతమే అయినట్టు. ఆదాయం 44.44 కోట్లు, లాభం 4.44 కోట్లు. సైట్‌లో ఒక్క పార మట్టి తేడా లేదు, లాభం మాత్రం సగానికి పైగా పోయింది. అంచనాను 72 కోట్లకు తగ్గిస్తే లాభం 15.56 కోట్లవుతుంది. ఒకవేళ 110 అవుతుందని తేలితే, రాబోయే 10 కోట్ల నష్టం మొత్తాన్ని ఆ ఏడాదే లెక్కలోకి తీసుకోవాలి. నష్టాన్ని సాగదీయడానికి వీల్లేదు.

కాబట్టి మేడమ్, మీరు చూసిన లాభంలో సగం గతం, సగం భవిష్యత్తు. పెట్టిన ఖర్చుకి బిల్లులున్నాయి. ఇంకా పెట్టబోయే ఖర్చు మాత్రం ఒకరి అంచనా. ఆ అంచనా ఎవరు వేశారు, ఎలా వేశారు అన్నది లాభం అంకె కంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి.

ఇంటర్_గ్రూప్2
అన్నా, పుస్తకంలో ఇదే లెక్క నాలుగు సార్లు చేశాను కానీ అంచనా మారితే లాభం ఇంత ఊగుతుందని ఇలా ఎవరూ చెప్పలేదు. ఒక డౌట్. క్లయింట్ సర్టిఫై చేసిన బిల్లు ఉంటుంది కదా, దాన్నే ఆదాయంగా తీసుకుంటే ఈ గొడవ ఉండదు కదా?

బిల్లింగ్_ఇంజనీర్
దీనికి నేను చెప్తాను. పదేళ్లకు పైగా సైట్లలో బిల్లింగ్ చూస్తున్నాను, ఎక్కువగా ఇరిగేషన్ పనులు.

తమ్ముడూ, బిల్లు అంత తేలిగ్గా రాదు. నెలాఖరుకి మేమూ, డిపార్ట్‌మెంట్ వాళ్లూ కలిసి కొలతలు తీస్తాం. అవి ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కాలి. డిపార్ట్‌మెంట్ ఇంజనీర్లలో ఏఈ రాసి, డీఈ చెక్ చేసి, ఈఈ దాకా వెళ్లి, అప్పుడు ఆర్.ఏ. బిల్లు (జరిగిన పనికి ఎప్పటికప్పుడు వేసే బిల్లు) పాసవుతుంది. అందులో రిటెన్షన్ (పని బాగుందని తేలే దాకా ఆపి ఉంచే సొమ్ము) కోస్తారు, మొబిలైజేషన్ అడ్వాన్స్ (పని మొదలుపెట్టడానికి ముందే ఇచ్చిన సొమ్ము) రికవరీ కోస్తారు. పాసైన బిల్లుకి డబ్బు ఎప్పుడొస్తుందన్నది ప్రభుత్వ ఖజానా దయ. మార్చిలో చేసిన పని ఎం.బుక్‌లో ఎక్కేసరికి మే రావచ్చు. బిల్లు ప్రకారమే ఆదాయం రాస్తే మార్చిలో పని చేయనట్టు అవుతుంది. చేసిన పనికీ వేసిన బిల్లుకీ మధ్య ఉన్న ఈ తేడానే బ్యాలెన్స్ షీట్లో "కాంట్రాక్ట్ ఆస్తులు" అనో "అన్‌బిల్డ్ రెవెన్యూ" అనో కనబడుతుంది.

ఇక సీఏ గారు చెప్పిన "మొత్తం ఖర్చు అంచనా" సంగతి. మార్చి రెండో వారంలో హెడ్డాఫీసు నుంచి ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. మిగిలిన పనికి ఐటెం వారీగా ఎంత ఖర్చవుతుందో నింపాలి. డీజిల్ రేటు, సిమెంటు, స్టీలు, సబ్ కాంట్రాక్టర్ల రేట్లు, అన్నీ. కాలువ పనిలో అన్నిటికంటే భయం మట్టి గురించి. టెండర్ నాటి బోర్ లాగ్‌లో (నేలకు రంధ్రాలు వేసి చూసిన రికార్డులో) మెత్తటి నేల అని ఉంటుంది. తవ్వుతుంటే హార్డ్ రాక్ తగులుతుంది. బ్లాస్టింగ్, కంట్రోల్డ్ బ్లాస్టింగ్ మొదలయ్యాక క్యూబిక్ మీటరు ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముందున్న మూడు కిలోమీటర్లలో రాయి ఎంత ఉందో నిజాయితీగా చెప్పాలంటే ట్రయల్ పిట్లు తవ్వి చూడాలి. చూడకుండా "పాత అంచనానే ఉంచండి" అంటే, ఆ ఏడాది లాభం బాగానే వస్తుంది. ఆ రాయి మాత్రం ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది తగులుతుంది.

ఇంకొకటి, లిఫ్ట్ ఇరిగేషన్ పనుల్లో పంపులు, మోటార్లు ఉంటాయి. కోట్ల ఖరీదు. అవి సైట్‌కి వచ్చి షెడ్లో టార్పాలిన్ కింద ఉన్నాయనుకోండి. వాటి ఖరీదును "పెట్టిన ఖర్చు"లో కలిపేస్తే పని ఒక్కసారిగా ముప్పై శాతం ముందుకు దూకినట్టు కనబడుతుంది. నిజానికి పంప్ హౌస్ గోడలు కూడా లేవలేదు.

సీఏ_కూకట్‌పల్లి
ఇంజనీర్ గారూ, ఆ పంపుల సంగతి భలే పట్టుకున్నారు. ఇండ్-ఏఎస్ 115లో దానికి విడిగా నియమం ఉంది. పనిలో పెద్ద వాటా ఉన్న సామాను, కంపెనీ తాను తయారు చేయకుండా బయట కొన్నదై, ఇంకా బిగించకుండా ఉంటే, దాన్ని పురోగతి కొలతలో కలపకూడదు. దాని ఖరీదు ఎంతో అంతే ఆదాయంగా చూపించవచ్చు, పైసా లాభం చూపించకూడదు. సైట్ మీద కుప్పగా పోసిన మామూలు స్టీలు, కంకర కూడా వాడే దాకా "పెట్టిన ఖర్చు"లోకి రావు. ఆడిట్‌కి వెళ్లినప్పుడు మేం స్టోర్ రిజిస్టర్ అడిగేది అందుకే.

క్లెయిముల గురించి కూడా ఒక మాట. రాయి తగిలినందుకు అదనంగా ఇవ్వమని కంపెనీ డిపార్ట్‌మెంట్‌ను అడుగుతుంది, ఇవ్వకపోతే ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి తీర్పుకి, పోతుంది. ఆ అడిగిన మొత్తాన్ని ఆదాయంలో కలపవచ్చా? తర్వాత వెనక్కి తీసుకోవాల్సిన పరిస్థితి రాదని చాలా గట్టిగా నమ్మకం ఉంటేనే, అదీ అంతవరకే. ఈ "చాలా గట్టిగా" అన్నచోటే కంపెనీకీ ఆడిటర్‌కీ అర్ధరాత్రి దాకా వాదనలు నడుస్తాయి.

ఇంటర్ తమ్ముడికి: బిల్లు కాకపోయినా, సర్వే చేసిన కొలతల మీద పురోగతి లెక్కకట్టే పద్ధతి కూడా ఉంది. పని స్వభావానికి ఏది సరిపోతే అది ఎంచుకోవచ్చు, కానీ ఒకే రకం పనులన్నిటికీ ఒకే పద్ధతి వాడాలి.

ఇంటర్_గ్రూప్2
థాంక్స్ అన్నా. మరి అపార్ట్‌మెంట్లకి కూడా ఇలాగేనా? మా బాబాయి నార్సింగి వైపు ఫ్లాట్ బుక్ చేశారు, ప్రతి స్లాబుకీ డబ్బు కడుతున్నారు.

సీఏ_కూకట్‌పల్లి
అక్కడ కథ తిరగబడుతుంది. 2018కి ముందు బిల్డర్లు కూడా కట్టిన శాతం ప్రకారమే ఆదాయం చూపించేవారు. ఇండ్-ఏఎస్ 115 వచ్చాక, ఎక్కువ కేసుల్లో ఫ్లాట్ పూర్తై స్వాధీనం చేసే వరకు ఆదాయం చూపించడానికి లేదు. మీ బాబాయి గారు కట్టిన డబ్బంతా అప్పటిదాకా కంపెనీకి బాకీ లాంటిదే, అడ్వాన్సు కింద అప్పుల వైపు కూర్చుంటుంది. అక్కడ నగదు ముందొచ్చి లాభం తర్వాత వస్తుంది. కాలువ పనిలో లాభం ముందు, నగదు తర్వాత. వైజాగ్ గారు నగదు ఒక్కటే చూస్తే బిల్డర్ గొప్పగా, కాంట్రాక్టర్ దరిద్రంగా కనబడతారు.

లాంగ్‌టర్మ్_వైజాగ్
ఒప్పుకుంటాను, రంగాన్ని బట్టి చూడాలి. అయినా లాభాన్ని అంచనాతో పెంచొచ్చని మీరే చెప్పారు. నగదును అంచనాతో పెంచలేరు కదా. అది బ్యాంకులో ఉంటుంది, లేదా ఉండదు.

సీఏ_కూకట్‌పల్లి
హైదరాబాద్‌లో ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి. ఆ మాట వింటే నాకు సత్యం కంప్యూటర్స్ గుర్తుకొస్తుంది. ఇక్కడ కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ బోర్డుకు రాసిన లేఖ ఈ వేదికలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాలి. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. ఆ లేని డబ్బు మీద రావలసిన వడ్డీ అంటూ 376 కోట్లు, అదీ లేదు. చూపించని అప్పు 1,230 కోట్లు. రావలసిన బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చూపించారు.

ఇదంతా ఎక్కడ మొదలైంది? ఆదాయం దగ్గర. ఆ ఒక్క త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. లేఖ ప్రకారం నిజమైన ఆదాయం 2,112 కోట్లు, నిజమైన లాభం 61 కోట్లు. అంటే 24 శాతం అని చెప్పిన మార్జిన్ నిజంగా 3 శాతం. తేడా 588 కోట్లు. లేని ఆదాయం రాశాక దానికి ఎదురుగా ఏదో ఒక ఆస్తి చూపించాలి కదా. మొత్తం బాకీల్లో చూపిస్తే, ఇన్ని బాకీలు వసూలు కావడం లేదేమని అనుమానం వస్తుంది. అందుకని బ్యాంకులో పడినట్టు రాశారు. ఆ రకంగా, లెక్కల్లో వ్యాపారం నుంచి నగదు కూడా బాగానే వస్తున్నట్టే కనబడింది. వైజాగ్ గారి పరీక్షలో ఆ కంపెనీ మంచి మార్కులతో పాసవుతుంది.

బ్యాంకులో ఉన్నది ఉందో లేదో తెలుసుకోవడానికి ఆడిటర్ బ్యాంకుకు నేరుగా రాసి, జవాబు నేరుగా తన చేతికే తెప్పించుకోవాలి. కంపెనీ తెచ్చిచ్చిన కాగితం చాలదు. ఈ పని సరిగ్గా జరగలేదనే 2011 ఏప్రిల్‌లో అమెరికాలో ఎస్‌ఈసీ (స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ), పీసీఏఓబీ (ఆడిటర్లపై నిఘా పెట్టే సంస్థ) కలిసి సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలపై చర్య తీసుకున్నాయి. ఎస్‌ఈసీకి 60 లక్షల డాలర్లు, పీసీఏఓబీకి 15 లక్షల డాలర్లు కట్టారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకు, మరికొందరికి ఏడేళ్ల శిక్ష వేసింది, దాని మీద వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

బయటి నుంచి చూసేవాళ్లకి అనుమానం రావడానికి ఆస్కారం ఉందా అంటే, కొంత ఉంది. అంత డబ్బు చేతిలో ఉన్న కంపెనీ దాన్ని ఏం చేస్తోంది, వాటాదారులకు ఎందుకు పంచడం లేదు, అని అడగాల్సింది. 2008 డిసెంబర్‌లో ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నప్పుడు ఇన్వెస్టర్లు తిరగబడింది ఆ విషయంలోనే. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి అది ఆఖరి ప్రయత్నమని ఆ లేఖలోనే ఉంది.

నేను చెప్పేది ఒకటే. లాభం, నగదు, బ్యాలెన్స్ షీటు మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. ఒక్క సాక్షిని నమ్ముకుంటే, ఆ సాక్షిని కొనేసినప్పుడు మనకి ఆధారం ఉండదు.

లాంగ్‌టర్మ్_వైజాగ్
అంకెలు ఇలా పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. నిల్వ నిజమైనదే అయితే దానికి తగ్గ వడ్డీ రావాలి కదా, నగదు మీద వచ్చిన వడ్డీని సగటు నిల్వతో భాగించి చూడటం ఇకమీదట నా పట్టికలో చేరుస్తాను.

సీఏ_కూకట్‌పల్లి
చేర్చండి. పాత కంపెనీల రిపోర్టులు తీసి చూస్తే కూడా చాలా సంగతులు బయటపడతాయి. కానీ సత్యంలో వడ్డీ కూడా కల్పితమే కాబట్టి అదొక్కటే సరిపోదు.

కామర్స్_మాస్టారు
రిటైరైన లెక్చరర్ని. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను మొదట పాఠ్యపుస్తకం మూసేసి ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఏడాది చివర ఎంత పంచేస్తే కంపెనీ ఏడాది మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది? ఆర్థికవేత్త హిక్స్ 1939లో ఆదాయాన్ని ఇంచుమించు ఇలాగే నిర్వచించాడు. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే లాభం దొరికినట్టే. చిక్కంతా "అలాగే ఉండటం" అంటే ఏమిటన్నదే.

ఒక రైస్ మిల్లు వ్యాపారి 10,000కి ధాన్యం కొని 12,000కి బియ్యం అమ్మాడనుకోండి, మర ఖర్చు పక్కన పెడదాం. లాభం 2,000. మళ్లీ అంతే ధాన్యం కొనడానికి వెళ్తే రేటు 12,500. వచ్చిన మొత్తం పెట్టినా పాత సరుకు చేతికి రాదు. రూపాయల్లో లాభం, ధాన్యంలో నష్టం. ఖాతాలు రూపాయల్లోనే రాస్తాం కాబట్టి 2,000 లాభమే, దాని మీద పన్నూ కట్టాలి. ధరలు మండిపోతున్న రోజుల్లో బ్రిటన్ 1980లో ఎస్‌ఎస్‌ఏపీ 16 అనే ప్రమాణం తెచ్చి, ప్రస్తుత ధరలతో లాభం లెక్కకట్టమంది. కంపెనీలు పాటించలేక, ఇష్టపడక, కొన్నేళ్లకే అది మూలబడింది. ఇప్పుడు టర్కీ లాంటి చోట, ధరలు అదుపు తప్పిన దేశాలకు మాత్రమే ఆ తరహా సర్దుబాటు ఉంది.

తెనాలి అమ్మాయి రెండో ప్రశ్నకి మూలం కూడా ఇక్కడే ఉంది. లాభాన్ని రెండు దారుల్లో కొలవచ్చు. అమ్మకాలు, వాటికి తగిన ఖర్చులు ఎదురెదురుగా పెట్టి కొలవడం ఒకటి. ఏడాది మొదట్లో, చివర్లో ఆస్తులూ అప్పులూ విలువ కట్టి తేడా చూడటం రెండోది. మొదటి దారిలో వచ్చేది మనం చూసే నికర లాభం. రెండో దారిలో వచ్చేది సుమారుగా మొత్తం సమగ్ర ఆదాయం. ఈ రెండు ఆలోచనల మధ్య అకౌంటింగ్ ప్రపంచం దశాబ్దాలుగా నలుగుతోంది.

తెనాలి_షేర్లు
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నేను కూడా టీచర్నే, లెక్కలు చెప్తాను. మరి మా కంపెనీలో ఆ "ఇతర" లైనులో ఏముంటుందండీ?

డాలస్_ఖాతాలు
ఇది నా రోజువారీ పని, నేను రాస్తాను. ఇక్కడ డాలస్‌లో అమెరికా పద్ధతిలో ఖాతాలు తయారు చేస్తాను, ఇండియా సబ్సిడరీ (అనుబంధ కంపెనీ) లెక్కలు కూడా చూస్తాను.

మీలాంటి కాంట్రాక్టు కంపెనీలో ఆ లైనులో ప్రధానంగా ఉండేది గ్రాట్యుటీ. ఉద్యోగులకు ఎప్పుడో ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఈరోజు విలువ ఎంత అన్నది వడ్డీ రేటును బట్టి, జీతాల పెరుగుదల అంచనాను బట్టి ఏటా మారుతుంది. ఆ మార్పు వ్యాపారం పనితీరు కాదు కాబట్టి నికర లాభంలో కలపకుండా కింద చూపిస్తారు. విదేశీ సబ్సిడరీ ఉంటే డాలర్ రేటు మారినందువల్ల వచ్చే తేడా, కొన్ని హెడ్జింగ్ (రేట్ల ఊగిసలాట నుంచి రక్షణకు చేసుకున్న ఒప్పందాల) తేడాలు, దీర్ఘకాలానికి ఉంచుకున్న వేరే కంపెనీల షేర్ల విలువ మార్పు కూడా అక్కడికే వెళ్తాయి. ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం) లెక్కలో ఈ లైను రాదు, నికర లాభం మీదే ఈపీఎస్.

షేర్ల సంగతి ముఖ్యం. ఇండ్-ఏఎస్‌లో ట్రేడింగ్‌కి కాని షేర్ల విలువ మార్పును కింద చూపించుకునే ఎంపిక ఉంది. ఒకసారి ఎంచుకుంటే మార్చకూడదు, రేపు ఆ షేర్లు అమ్మినా ఆ లాభం నికర లాభంలోకి రాదు. అమెరికాలో 2018 నుంచి ఆ ఎంపిక లేదు, అమ్మకపోయినా విలువ మార్పు నేరుగా నికర లాభంలో పడాల్సిందే. వారెన్ బఫెట్ బర్క్‌షైర్ హాత్‌వే చూడండి. 2018 ఆఖరి త్రైమాసికంలో మార్కెట్ పడిపోతే ఆ కంపెనీ సుమారు 2,500 కోట్ల డాలర్ల నికర నష్టం చూపించింది. ఆ కంపెనీ నడిపే రైళ్లు ఆగలేదు, బీమా వ్యాపారం ఆగలేదు. ఆ ఏడాది మొత్తానికి నికర లాభం 400 కోట్ల డాలర్లు. ఈ అంకె మా వ్యాపారాన్ని చూపించదని బఫెట్ వాటాదారులకు గట్టిగానే చెప్పాడు.

నా అభిప్రాయం అడిగితే, ఈ విషయంలో ఇండియా పద్ధతే నయం. కాకపోతే దానికీ ఒక లోటుంది. పాతికేళ్లు పట్టుకున్న షేరు అమ్మి కంపెనీ నిజంగా డబ్బు చేసుకున్నా, అది నికర లాభంలో ఎప్పటికీ కనబడదు.

కామర్స్_మాస్టారు
ఆ చివరి మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అమ్మి, డబ్బు చేతికొచ్చాక కూడా లాభం కాదంటే విద్యార్థికి ఏం చెప్పను?

లాంగ్‌టర్మ్_వైజాగ్
ఇదే సందర్భంలో ఇంకోటి అడుగుతాను. "ఎక్సెప్షనల్ ఐటమ్స్" అని విడిగా చూపిస్తారు కదా, నేను వాటిని తీసేసి మిగిలిన లాభం చూస్తాను. ఒక్కసారి జరిగేవే కదా.

డాలస్_ఖాతాలు
అన్నీ తీసేయకండి. ఏజీఆర్ కేసు గుర్తుందా? టెలికాం కంపెనీలు ప్రభుత్వానికి కట్టే లైసెన్స్ ఫీజు వాళ్ల సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం (ఏజీఆర్) మీద లెక్క. వడ్డీ, అద్దె, డివిడెండ్ లాంటివి ఆ ఆదాయంలో కలుస్తాయా లేదా అన్నది ఏళ్ల తరబడి నడిచిన తగాదా. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు కలుస్తాయని తేల్చింది. ఆ వెంటనే ప్రకటించిన జూలై-సెప్టెంబర్ త్రైమాసిక ఫలితాల్లో వోడాఫోన్ ఐడియా 50,921 కోట్లు, ఎయిర్‌టెల్ 23,045 కోట్లు నష్టం ప్రకటించాయి. నష్టం ఒక త్రైమాసికంలో కనబడింది గానీ ఆ బాకీ పుట్టింది అన్ని సంవత్సరాల్లోనూ. అంటే పాత ఏళ్ల లాభాలు ఎక్కువగా కనబడ్డాయన్నమాట. దాన్ని ఒక్కసారి జరిగేదని తీసేస్తే, పాత లాభాలను కూడా ముట్టుకోకుండా వదిలేస్తే, ఆ ఖర్చు మీ లెక్కలో ఏ ఏడాదిలోనూ పడదు. ఏటా "ఒక్కసారి" ఖర్చు చూపించే కంపెనీలు కూడా ఉన్నాయి, అవి ఇంకా జాగ్రత్తగా చూడాలి.

సీఏ_కూకట్‌పల్లి
దీనికి తోడు ఇప్పుడు కొత్తగా లిస్టయిన కంపెనీలు "అడ్జస్టెడ్ ఎబిటా" (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభాన్ని తమకు తోచినట్టు సర్దినది) అని సొంత అంకె ప్రకటిస్తున్నాయి. ఉద్యోగులకిచ్చిన స్టాక్ ఆప్షన్ల ఖర్చు తీసేసి చూపిస్తారు. జీతానికి బదులుగా ఇచ్చినది ఖర్చు కాదంటే నేను ఒప్పుకోలేను. అంతర్జాతీయంగా 2024 ఏప్రిల్‌లో ఐఎఫ్‌ఆర్ఎస్ 18 అనే అకౌంటింగ్ ప్రమాణం వచ్చింది, 2027 జనవరి 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు అమలు. నిర్వహణ లాభం అంటే ఏమిటో మొదటిసారి ఖరారు చేసింది. సొంత అంకెలు చెప్పుకునే కంపెనీ, అవి ప్రమాణాల ప్రకారం వచ్చే అంకెతో ఎలా కలుస్తాయో నోట్స్‌లో చూపించాలి, దానికి ఆడిట్ కూడా ఉంటుంది. నాకు చాలా సంతోషం కలిగించిన మార్పు ఇది.

తెనాలి_షేర్లు
మీరందరూ రాసింది పక్కన పెట్టుకుని రిపోర్ట్ మళ్లీ తీశాను. ఈసారి వెనక నోట్స్ నుంచి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ?

సీఏ_కూకట్‌పల్లి
ముందు ఆడిటర్ రిపోర్ట్‌లో "కీ ఆడిట్ మ్యాటర్స్" చదవండి. మీవారు సంతకం సంగతి అన్నారు కదా, ఆ సంతకం పెట్టేముందు ఆడిటర్‌కి ఎక్కడ ఎక్కువ తలనొప్పి అయిందో అక్కడ రాసి ఉంటుంది. లిస్టెడ్ కంపెనీలకు 2018-19 నుంచి తప్పనిసరి.

తర్వాత ఆదాయం నోట్: కాంట్రాక్ట్ ఆస్తులు కిందటేడు ఎంత, ఇప్పుడెంత. అమ్మకాల కంటే అవి వేగంగా పెరుగుతుంటే ఆగి చూడాలి. ఆ తర్వాత రావలసిన బాకీల వయసు పట్టిక. 2021-22 నుంచి ఇది తప్పనిసరి, ఆరు నెలల లోపువి, మూడేళ్లు దాటినవి, వివాదంలో ఉన్నవి విడివిడిగా ఉంటాయి. చివరగా ఆర్బిట్రేషన్ క్లెయిముల నోట్.

ఇంకో సంగతి. జూన్, డిసెంబర్ త్రైమాసిక ఫలితాల్లో బ్యాలెన్స్ షీటు, క్యాష్ ఫ్లో ఇవ్వనక్కర్లేదు. సెప్టెంబర్, మార్చి ఫలితాల్లో ఇవ్వాలి. కాబట్టి మీ అనుమానం తీరేది ఆ రెండుసార్లే.

తెనాలి_షేర్లు
చూశాను. కీ ఆడిట్ మ్యాటర్‌గా మొదట రాసిందే "పూర్తి చేయడానికి అయ్యే ఖర్చు అంచనా". మీరు చెప్పిన 80, 90 లెక్క చదవకపోతే ఆ పేరా నాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. కాంట్రాక్ట్ ఆస్తులు అమ్మకాల కంటే ఎక్కువ పెరిగాయి. బాకీల పట్టికలో మూడేళ్లు దాటిన గడి కిందటేడు చిన్నది, ఇప్పుడు పెద్దది, దాని మీద పెట్టిన ప్రొవిజన్ (రాకపోవచ్చని ముందే పక్కన పెట్టే మొత్తం) మాత్రం దాదాపు మారలేదు. "ఇతర" లైను చిన్నదే, డాలస్ గారు అన్నట్టు గ్రాట్యుటీయే. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) వీడియోలో జరుగుతుంది, వాటాదారులు మాట్లాడటానికి ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చట. నేను మాట్లాడాలనుకుంటున్నాను. ప్రశ్న ఎలా అడగాలి?

సీఏ_కూకట్‌పల్లి
మర్యాదగా, పేజీ నంబరు చెప్పి అడగండి. "ఈ ఏడాది ఏయే పెద్ద పనుల్లో మొత్తం ఖర్చు అంచనా మార్చారు, ఆ మార్పు వల్ల లాభం ఎంత పెరిగింది లేదా తగ్గింది? మూడేళ్లు దాటిన బాకీలకు ప్రొవిజన్ ఎందుకు పెరగలేదు?" రెండే ప్రశ్నలు. మూడోది అడిగితే మొదటి రెండూ మర్చిపోయినట్టు నటిస్తారు.

బిల్లింగ్_ఇంజనీర్
అవకాశం ఇస్తే దీన్ని మొదటి ప్రశ్నలోనే కలపండి మేడమ్: అన్‌బిల్డ్ మొత్తంలో, మార్చి తర్వాత ఇప్పటిదాకా ఎంత ఎం.బుక్‌లో ఎక్కి బిల్లయింది? ఏజీఎం నాటికి నాలుగైదు నెలలు గడిచిపోయి ఉంటాయి. నిజంగా చేసిన పనైతే ఈపాటికి చాలావరకు బిల్లు అయి ఉండాలి. సగానికి పైగా ఇంకా అలాగే ఉందంటే అది పని కాదు, క్లెయిమ్. మా దగ్గర ప్రతి ప్రాజెక్టుకీ ఆ అంకె వారం వారం తయారవుతుంది, కాబట్టి తమ దగ్గర లేదని చెప్పలేరు.

తెనాలి_షేర్లు
రాసుకున్నాను అండీ. స్పీకర్‌గా పేరు నమోదు చేశాను, ఫోలియో నంబరు అడిగారు, ఇచ్చాను. ప్రశ్నలు ముందే మెయిల్ చేయమన్నారు, మీ మాటల్లోనే పంపాను. మావారు కూడా పక్కన కూర్చుని వింటానన్నారు.